అడక్కముందే ఇచ్చిన మాట

(జోర్డాన్ దక్షిణాన ఎడారి. పాత రాతి సమాధుల కోనకు కాపలా పెద్ద అయిన ధియాబ్ గుడారం. పరామర్శకు వచ్చిన ముసలి హువైమిల్ ముందు కాఫీ కప్పు.)

"చల్లారిపోతోంది పెదనాన్నా. తాగండి."

"తాగుతాలే."

"ఇందాకట్నించీ అదే మాట. కాఫీ ముట్టలేదంటే ఏదో అడగడానికొచ్చారనేగా. మేకలేనా?"

"మేకలు కాదు నాయనా."

"మేకలే అయ్యుంటాయి. కోనలోకి తోలుకుంటానంటారు. ప్రభుత్వం కంచె వేసిందే ఆ కొండమేకల కోసం. వాటికున్న నాలుగు పొదలూ మీ మందే మేసేస్తే అవేం తింటాయి, రాళ్ళా? పోనీలెండి, మీరడిగారు కాబట్టి సరే."

"మేకల కోసం ఈ రోజున వస్తానా? నిన్ననే కదా ఖలఫ్‌ని మట్టిలో పెట్టారు."

"మీరూ ఓ గుప్పెడు వేశారు. చూశాను."

"వేశాను."

"తమ్ముడు పోయిన గుడారంలో నిండు కప్పు ముందు పెట్టుకుని కూర్చోకండి పెదనాన్నా. చూసేవాళ్ళకు బాగుండదు. ఏదడిగినా ఇచ్చాను. తాగండి."

"ఏదడిగినా?"

"ఇచ్చానన్నానుగా. మా నాన్న ఏనాడైనా విన్నాక ఇచ్చాడా? విని ఇస్తే అది బేరం."

"బయట మీ చిన్నాన్న కొడుకులున్నారు. వాళ్ళు విన్నారా?"

"ఒరేయ్, విన్నారుగా? అదిగో, విన్నామంటున్నారు. ఇక తాగండి."

"తాగాను. ధియాబ్, ఖలఫ్ రక్తం వదిలెయ్యి, పగ తీర్చుకోకు. అదే నేనడిగేది."

"ఏమన్నారు?"

"నువ్వు వెతుకుతున్నవాడు నా కొడుకు."

"మళ్ళీ అనండి."

"నా కొడుకు సువైలిమ్. వాడే."

"నా తమ్ముడి గోతిలో మట్టి వేసి, నా కాఫీ తాగి, నువ్వు, నువ్వు—"

"నాయనా, ఆ బాకు—"

"కదలకు. కదిలితే గొంతు దానంతటదే తెగుతుంది, నేను కొయ్యక్కర్లేదు."

"కోసెయ్. నాకూ అదే నయం."

"గుడ్డ కప్పాక చూశావు నువ్వు వాణ్ణి. గుడ్డ కింద ఏముందో నేను చూశాను. గునపంతో ఒక్కసారి కొడితే మనిషి చస్తాడు ముసలోడా. ఒక్కసారి చాలు. నీ కొడుకు ముఖమన్నదే లేకుండా కొట్టాడు. మా అమ్మ చేతివేళ్ళు చూసి గుర్తుపట్టింది కన్నకొడుకుని."

"వెనకట ఇక్కడ ఏలిన తుర్కీవాళ్ళు కోనలో బంగారం దాచారని ఎవడో చెప్పాడు వీడికి. రాతి మీద గుర్తుందిట. ఇద్దరు ముగ్గురు కలిసి తవ్వుతున్నారు. ఖలఫ్ పైనుంచి పేరు పెట్టి పిలిచాడు. మిగతావాళ్ళు పారిపోయారు. వీడు భయపడ్డాడు."

"భయపడి ఎన్నిసార్లు కొట్టాడు?"

"అది..."

"అడుగుతున్నాను."

"గుర్తులేదన్నాడు."

"బంగారం దొరికిందా?"

"ఎముకలు దొరికాయి. ఏ కాలం నాటివో. కుండ పెంకులు."

"వాడెక్కడ?"

"నువ్వు మాటిచ్చావు."

"వాడెక్కడ?"

"ముందు వదిలేశానని అను. మీవాళ్ళు వినేలా అను. అప్పుడు చెప్తాను."

"నీ చెవులు కోసి నీ చేతిలో పెడతాను. అప్పుడు వింటావు."

"కొయ్యి. ధియాబ్ కాఫీ పోసి, మాటిచ్చి, ముసలాణ్ణి కోశాడంటారు జనం. నీ పిల్లలు ఏ గుడారంలో తలెత్తుకుని కూర్చుంటారు?"

"నా పిల్లల మాటెత్తకు."

"ధియాబ్."

"ఆగు. మాట్లాడకు. కాసేపు ఊపిరి తీసుకోనీ."

"నాకూ ఒక్కడే నాయనా."

"మాట్లాడకన్నానా? ఒరేయ్, వినండి. ఖలఫ్ రక్తం వదిలేశాను. సువైలిమ్ మీద ఎవడి చెయ్యి పడ్డా నా మీద పడినట్టే. తుపాకి దించరా, నీకే చెప్తున్నా. నాకు మాత్రం మండట్లేదా? దించు. చాలా, ముసలోడా?"

"నీ చెయ్యి ఇలా ఇవ్వు, కళ్ళకద్దుకుంటాను."

"ముట్టుకోకు నన్ను. వాణ్ణి తీసుకుని పో. ఈ ఎడారే దాటి పో. వాడు నా కంటపడితే నా మాట మీద నాకే నమ్మకం లేదు."

"ఇప్పుడే పోతాం. రాత్రే దొరికాడు నాకు. చచ్చేట్టు కొట్టాను. పారిపోతే మీవాళ్ళు మా ఇంట్లో ఎవడు దొరికితే వాణ్ణి నరుకుతారని కాళ్ళూ చేతులూ కట్టేశాను. అరవకుండా నోట్లో గుడ్డ కుక్కాను. కన్నవాణ్ణి, నేనే."

"ఎక్కడ పెట్టావు?"

"వాగులూ గుహలూ అన్నీ మీవాళ్ళు గాలిస్తున్నారు. చంపిన చోట ఎవరూ వెతకరనుకున్నాను."

"కోనలోనా?"

"సమాధుల దగ్గరే. వాళ్ళు తవ్విన గుంటల్లో ఒకదాంట్లో దించాను. లోతుంది, నీడ ఉంది. పైన మేకతోలు పరిచి ఇసుక చల్లాను, ఎవరి కంటా పడకుండా. ఏం నాయనా?"

"ఏ గుంట?"

"చివరిది. మెట్ల సమాధి ముందుది. ఎందుకలా చూస్తావు?"

"ఎప్పుడు దించావు?"

"తెల్లవారకముందే. ధియాబ్, ఎక్కడికి పరిగెడుతున్నావు? వదిలేశానన్నావు. నీ నోటితోనే అన్నావు."

"పారలు తీసుకురండ్రా, అందరూ రండి. పెదనాన్నా, లేవండి. తమ్ముడు పడ్డ చోటు కళ్ళపడకూడదని, పొద్దున్నే మట్టి తోసే యంత్రం తెప్పించి ఆ గుంటలన్నీ నేనే పూడ్పించాను."