ఆ ఎర్ర కుర్చీ నాదే అని రాసినవారు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవారు: కుట్టుమిషను ముందు తల్లి, సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న తండ్రి, జ్వరం తగ్గి అప్పుడే లేచి కూర్చున్న నానమ్మ, పన్నెండేళ్ల అన్న, ఎనిమిదేళ్ల చెల్లి. గుమ్మంలో, చేతిలో టేపు రికార్డరుతో, ఉద్యోగంలో చేరిన మొదటి పూటే వీధిలోకి వచ్చిన మన ప్రశ్నల మేడమ్. ముప్పై ఏళ్ల క్రితం, జూలై పద్నాలుగో తేదీ. ఇవి ఎవరో చెప్పగా విన్న సంగతులు కావు. ఆ సాయంత్రమే ఆమె రిజిస్టరులో రాసిపెట్టినవి.

ఆమె చేరిన రోజు ఎలా ఉందని నేను అడిగితే టైపిస్టుగారు జోరున వాన అన్నారు. డ్రైవరుగారు ఊరుకోలేదు. “వానా పాడా! ఎండకి జీపు సీటు పెనంలా కాలుతుంటే ఆవిడ ఫైలు పరుచుకుని కూర్చున్నారు” అన్నారు. ఇద్దరూ ఒట్టేసి చెప్పడానికి సిద్ధం.

మేడమ్ నవ్వారు. “ఇద్దరూ అబద్ధమాడటం లేదమ్మాయ్. మనసు ఖాళీని ఖాళీగా ఉంచదు, చేతికందిన ముక్కతో నింపేసుకుంటుంది. ఎంత గట్టిగా చెబుతున్నారో చూసి, అంతా నిజమే అనుకోకు.”

ఎనిమిది నెలల క్రితం చేరిన నా చేత మేడమ్ విరమణ అభినందన సంచికకు ఈ వ్యాసం రాయించడానికి కారణం కూడా అదే. నాకు రోజూ డైరీ రాసే అలవాటుంది; పాత సంగతులు బొత్తిగా తెలియవు.

ఆమె చేరడానికి కొద్ది రోజుల ముందు, ఆ వీధి చివరి కాగితాల గోదాము ఒక మధ్యాహ్నం కాలిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఒకే మంటను నలభై రెండు ఇళ్లవారు చూశారు. ఆ మంట ఒక్కొక్కరి జ్ఞాపకంలో కాలక్రమేణా ఏమవుతుందో, ఐదేళ్లకొకసారి అవే ప్రశ్నలను అవే మాటల్లో అడిగి తెలుసుకోవడం, జ్ఞాపకాల మీద పరిశోధన చేసే మన విభాగం తలపెట్టిన పని. సహాయకురాలిగా చేరిన మేడమ్ పదకొండేళ్లకు ఆ అధ్యయనానికి సారథ్యం వహించారు. ఎన్ని బాధ్యతలు పెరిగినా వీధిలోకి వెళ్లడం మానలేదు, ఎంత అలసినా ఒక్క ప్రశ్ననూ కుదించలేదు. అడిగాక మనసులో ఏడు లెక్కపెట్టేవరకూ నోరు విప్పకూడదన్నది ఆమె నియమం. తల ఊపడం కూడా నిషిద్ధం.

ఈ నియమం ఒక పొరపాటులోంచి పుట్టింది. ఆ మొదటి ఇంట్లో “ఏ సామాను బయటికి తెచ్చారు?” అని అడగవలసిన చోట, కంగారులో, “ఎర్ర కుర్చీ ఎవరు తెచ్చారు?” అన్నారట. పక్కింటి గుమ్మంలో చూసిన కుర్చీ నోట్లోంచి దొర్లిపోయింది. “మాకు ఎర్ర కుర్చీ లేదే!” అంది ఆ తల్లి. ఐదేళ్ల తర్వాతి టేపును నేను స్వయంగా విన్నాను.

“కుర్చీ నేనే లాక్కొచ్చాను” అంటాడు అన్న.

“నువ్వా? నువ్వు మేడెక్కి మంట చూస్తున్నావు. తెచ్చింది నాన్న” అంటుంది చెల్లి.

“ఒరేయ్, ముందు కుర్చీని తెచ్చారా, నన్ను తెచ్చారా?” అంటుంది నానమ్మ.

అందరూ నవ్వుతారు. “దాని కాలు అప్పుడే విరిగింది” అని ఆ తల్లే అంటుంది.

రిజిస్టరులోంచి ఆ ఇంటి పుట తీసేస్తే సరిపోతుందని ఆఫీసు పెద్దలు సలహా ఇచ్చారు. మేడమ్ తీయలేదు. “ఈ కుర్చీ నాది. నా ప్రశ్నలోంచి ఈ ఇంట్లోకి వెళ్లింది” అని రాసి సంతకం చేసి, వార్షిక సభలో అందరి ముందూ చదివారు. పదోన్నతి రెండేళ్లు ఆగింది. అయితే ఒకరి నోటి మాట ఇంటిల్లిపాదికీ కళ్లారా చూసిన జ్ఞాపకంగా ఎలా మారుతుందో, ఒక కుటుంబాన్ని కలిపి ఉంచే కథల్లో చూసినదెంతో కలిసి చెప్పుకున్నదెంతో పరిశీలించే రెండో అధ్యయనం ఆ పుటతోనే మొదలైంది. మూడో విడతలో ఆ ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకుంటే నానమ్మ, “పోనీలే తల్లీ, ఇచ్చింది నువ్వే అయినా పదేళ్లుగా కూర్చుంటున్నది మేమేగా” అందట.

ఇప్పుడు నడుస్తున్నది ఏడో విడత. నలభై రెండింటిలో ఇప్పటికి మిగిలినవి పందొమ్మిది ఇళ్లు, వాటిలో పద్దెనిమిది పూర్తయ్యాయి. అడిగే మనిషి లేకపోతే ఎనిమిదో విడత ఉండదనీ, మేడమ్ విరమణలోపు నేను ఒక్క ఇంటర్వ్యూ అయినా ఒంటరిగా చేసి చూపాలనీ డైరెక్టరుగారు తేల్చి చెప్పారు. సాధనలో నేను రెండుసార్లు తప్పాను. మొదటిసారి ప్రశ్నను సగంలోనే ఆపేశాను. రెండోసారి, జవాబులు చెప్పే మనిషిగా కూర్చున్న టైపిస్టుగారు తడబడుతుంటే తల ఊపాను.

“ఎందుకు ఊపావు?” అన్నారు మేడమ్.

“ఆవిడకి సాయంగా ఉంటుందనండి.”

“సాయం కాదు. నిశ్శబ్దమంటే నీకు భయం. మళ్లీ మొదలుపెట్టు.”

పదిహేడుసార్లు మళ్లీ మొదలుపెట్టాం. లెక్క నా డైరీలో ఉంది.

గడచిన గురువారం పదిన్నరకు చివరి ఇంటికి వెళ్లాం. ఆ గోదాముకు ఒకప్పుడు కాపలా కాసిన పెద్దాయన ఇల్లు అది. వసారాలో ఆగి, మళ్లీ ఇలా ఇద్దరం రామేమోనన్న దిగులుతో, “మేడమ్, మీరు ఆరోగ్యంగా...” అని మొదలుపెట్టాను.

“అవన్నీ అభినందన సంచికలో రాసుకో. ఆయన ఎదురుచూస్తున్నారు” అన్నారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. మేడమ్‌గారి మోకాళ్ల నొప్పులు తగ్గాలి, కంటిచూపు పదిలంగా ఉండాలి, తొంభై దాటిన తర్వాత కూడా మా పొరపాట్లు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టించేంత ఓపిక ఆమెకుండాలి. ఇన్నాళ్లూ ఆమెను వీధికి ఇచ్చిన ఇంటివారికి ఇకపై ఆమె సాయంత్రాలన్నీ దక్కాలి.

లోపల పెద్దాయన కళ్లజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూశారు. “ఆవిడ రారా?”

“రారండి. ఈసారి నేనే అడుగుతాను” అన్నాను.

నా వెనక మేడమ్ వసారాలోంచే తలుపు మూసేశారు.