ఇద్దరి పత్తెం

హెర్నియా ఆపరేషనయ్యి భావనపాడులోని ఇంటికొచ్చిన నాలుగో రోజుకి కూడా అతనికి విరేచనం కాలేదు. పొద్దున్నే నర్సుకి ఫోన్ చేసిన అతని భార్య, చెంబెడు నీళ్ళూ రెండు అరటిపళ్ళూ తెచ్చి మంచం మీద పెట్టింది.

"నీళ్ళు తాగితే కుట్లు సీము పడతాయని నువ్వే సెప్పినావు కదే?"

"మాయమ్మ మాట పట్టుకొని సెప్పినాను మావా. నర్సమ్మ పోన్లోనే కడిగిపారేసినాది. ఎండు మెతుకులూ కారప్పొడీ పెట్టి నీళ్ళాపేస్తే ఎలా అవుతాదమ్మా అన్నాది."

"గట్టిగా ముక్కితే కుట్లు తెగిపోవేటి?"

"ముక్కొద్దన్నాది. నీళ్ళు తాగి, పళ్ళూ ఆకుకూరా తిని, నా సెయ్యి పట్టుకొని మెల్లగా నడవాలట. సాయంత్రానికీ కాకపోతే ఆస్పత్రికి రమ్మన్నాది."

"నీ సెయ్యి పట్టుకొని నడిస్తే వలల కాడ అందరూ నవ్వుతారే."

"నవ్వనీ. లే."

లేవబోయిన అతను ఆగాడు. ఆమె పొట్ట పట్టుకుని ఉంది.

"నీకేటయినాదే?"

"నీకు ఎండు మెతుకులు పెట్టి నేను సేపల పులుసెలా తింటాను మావా? నేనూ ఆ పత్తెమే తింటన్నాను."

"నీళ్ళో?"

"నీకిచ్చినట్టే. గుక్కెడు."

"అయితే నీకూ..."

ఆమె తల దించుకుంది. అతను చెంబు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు తాగు. నవ్వితే నవ్వనీ, ఇద్దరం నడుద్దాం పద."