సంచి మీది ఆకు

ఏంటీ, ఎరువు లారీ వచ్చాకే బొబ్బర్లు విత్తుతావా? సరిపోయింది. మీ తాత లేచొచ్చినట్టే ఉందిరా. మా బావగారేలే, పోయిన మనిషిని అనకూడదు గానీ, అనకుండా ఉండలేను. ఆయనకి చేనంటే పండేది కాదు, కనపడేది. బస్సులో పోయేవాళ్లు తలతిప్పి ‘అబ్బ, ఎంత పచ్చగా ఉందో!’ అనాలి. ఆ పూటకి ఆయన కడుపు నిండిపోయేది. మా కడుపుల సంగతి ఎవరిక్కావాలి?

మొక్కజొన్న కోశాక నేలలో ఇంకా తడి ఉంటుంది చూడు, ఆ తడిలోనే బొబ్బర్లు పడాలి. అది మా అత్తగారికి తెలుసు, గట్టు అవతలాయనకి తెలుసు, ఆఖరికి కాకులకీ తెలుసు, విత్తకముందే వచ్చి వాలేవి. బావగారు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడి, ‘తొందరేముందమ్మా, సంచులు రానీ, ఎరువు పడితే నెల ఆలస్యాన్ని వారంలో పూడ్చేస్తుంది’ అనేవారు. ఎరువుకి కాళ్లున్నట్టు, పరిగెత్తి ఎండల్ని ఆపేసినట్టు! ఎక్కడున్నానూ... ఆ, సంచులు. వచ్చాయి, నేల పెంకులా ఎండాక వచ్చాయి. అప్పుడు నీళ్లు పెట్టి, విత్తి, మొక్కజొన్నకి వేసినంత వీటికీ గుమ్మరించారు. ‘బావగారూ, వీటికంత అక్కర్లేదంటారే, వీటి వేళ్లే నేలకి బలమంటారే’ అన్నాను నేను, మెల్లిగానే. ‘నీకేం తెలుసమ్మా’ అన్నారు. నిజమే, అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు.

చేను నడుము దాకా లేచింది. దూడ దూరితే కనపడేది కాదు. ఆకు, ఆకు, ఆకు! పూత వచ్చేసరికి ఎండలు ముదిరి, ఉన్న నాలుగు పూలూ రాలాయి. మీ నాయనమ్మ తట్ట పట్టుకెళ్లి, ఒళ్లో పట్టేన్ని కాయలు తెచ్చింది. అవి ఆయన ముందు బోర్లించి, పక్కనే ఖాళీ సంచి పరిచింది. ‘చూడండి, దీని మీదున్నది ఆకు బొమ్మ. కాయ ఇస్తామని వాళ్లెక్కడన్నా అన్నారా?’ అంది. ఆయన తగ్గుతారా? ‘ముందు చేను చూడవే, ఎలా ఉందో!’ అన్నారు.

మరుసటి ఏడూ అదే వరస. మొక్కజొన్న మీద మిగిలిందంతా ఆ ఆకులే తినేశాయి. మూడో ఏడు పల్లపు చేను, మీ నాయనమ్మకి వాళ్ల నాన్న ఇచ్చింది, గట్టు అవతలాయనకే అమ్ముకున్నారు. కొన్నాయన తడి ఆరకముందే విత్తాడు, ఎరువు వేసీ వేయనట్టు వేశాడు. బక్క మొక్కలే, కాయలు మాత్రం గుత్తులు. మన పెద్దాయన రోజూ వెళ్లి చూసి, ‘ఛీ, పచ్చదనమే లేదు’ అని పెదవి విరిచి వచ్చేవారు. అమ్ముకున్న చేనుకి వంకలు పెట్టడం ఆయనకే చెల్లింది.

అక్క, అదే మీ నాయనమ్మ, ఆ చేను వైపు కిటికీ మళ్లీ తెరవలేదురా. గాలాడకపోయినా సరే.

నీకా, ఈ మెట్ట చేనొక్కటే మిగిలింది. ఏంటీ? లారీ రేపో ఎల్లుండో అన్నారా? నేల తవ్వి చూశావా? పిడికిట్లో ముద్ద కడుతోందా? కడుతోంటే మరి... చేతులు వెనక్కెందుకు కట్టుకున్నావు? విప్పు. ఆ విత్తనాల గంప ఇలా అందుకో.