ఒంటిమనిషి పడవ

అధ్యక్ష స్థానంలో కూర్చున్న సమితి ప్రెసిడెంటు కొండలరావు గారికి, ఇంత ఎండలో బందరు నుంచి వచ్చిన డాక్టరు ఆనందరావు గారికి, కోడూరు పెద్దలకు, పాయ అవతల పల్లెల నుంచి పనులు మానుకుని వచ్చిన నా అక్కచెల్లెళ్ళకు, వెనక నిలబడ్డ వాళ్ళకు కూడా సౌభాగ్యమ్మ నమస్కారాలు. కూర్చోండి బాబూ, చాపలున్నాయి.

ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో నర్సుగా పురుళ్ళు పోశాను గాని, ఈ వీడ్కోలు రోజు దాకా ఒక్కసారి కూడా మైకు ముందు నిలబడలేదు. మా ఉద్యోగంలో అరిచేది ఎప్పుడూ అవతలివాళ్ళే. (నవ్వులు) డాక్టరు గారు ఇందాక నన్ను వరద నీటికి ఎదురెళ్ళిన వీరనారి అన్నారు. పెద్దమనసుతో అన్నారు, కాదనను. కానీ నాకు నీళ్ళంటే భయం. ఇప్పటికీ భయమే. మరి పడవెందుకు ఎక్కానో, ఆ పడవ ఎలా వచ్చిందో నాకు తెలిసినట్టుగా చెబుతాను. అందులో నేను మా బావకు చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. బావ ఏసుపాదం గారు అదుగో, రెండో వరుసలో ఉన్నారు. మా అక్క జ్ఞానమ్మ భర్త. బందరు బడిలో పాతికేళ్ళు వడ్రంగం నేర్పిన మేష్టారు. నా పెనిమిటి పోయాక నాకు అన్నీ ఆయనే.

యాభై ఆరో సంవత్సరం, వానాకాలం. పాయ అవతల నాంచారమ్మ అనే అమ్మాయికి తొలికాన్పు నొప్పులని కబురొచ్చింది. పొద్దున తొమ్మిదింటికి రేవుకి వెళ్ళాను. తాడు తెగి బల్లకట్టు అవతలి ఒడ్డున ఉండిపోయింది. రేవు నడిపే రత్తయ్య కొత్త తాడు కోసం వెళ్ళాడు. అవతల ఆడవాళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నారు, చేతులూపుతున్నారు. మధ్యలో రెండు వందల గజాల నీళ్ళు, అంతే. నేను దాటేసరికి మధ్యాహ్నం రెండయింది. బిడ్డ బతికాడు. తల్లి దక్కలేదు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు బందరు బస్సెక్కి మా బావ దగ్గరికి వెళ్ళాను.

"బావా, నాకు పడవ కావాలి" అన్నాను.

"తాటిదోనె కొనుక్కోరాదూ?" అన్నారు.

"అది నేను మోయలేను. పాయకీ పాయకీ మధ్య గట్లున్నాయి. నీళ్ళలో నడవాలి, గట్టు మీద నా భుజానికెక్కాలి. నేనొక్కదాన్నే ఎక్కాలి, నేనొక్కదాన్నే మోయాలి."

బావ అటక మీద నుంచి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దించారు. అందులో మంచుదేశాల వాళ్ళ పడవ బొమ్మ ఉంది. రెండు కొసలూ సన్నం, పైన మూత, మనిషి కాళ్ళు చాపుకుని నడుము దాకా అందులో దిగి కూర్చుంటాడు. తెడ్డుకి రెండు వైపులా రెక్కలు. కాన్పు సంచీ తడవకుండా మూత కింద పెట్టుకోవచ్చని నాకు తెగ నచ్చేసింది. చీర కట్టుకున్న మనిషి అందులోంచి పైకెలా లేవాలో మాత్రం ఆ పుస్తకంలో రాయలేదు. (నవ్వులు)

చేయడం ఎలాగన్నది అసలు చిక్కు. సన్న బద్దలు వంచి పైన గుడ్డ బిగించడం ఒక పద్ధతి. మన పాయల్లో గుల్లలు గుడ్డని కోసేస్తాయని అది వదిలేశాం. లోపల ఎముకల్లా అడ్డంగా కొయ్య చట్రాలు నిలబెట్టి, వాటికి ప్లైవుడ్డు ఇత్తడి మరమేకులతో బిగించడం ఇంకొకటి. బావ దానికే ఓటేశారు. ఆయన పక్కన పనిచేసే పడవల వడ్రంగి జలాలుద్దీన్ గారు మూడోది చెప్పారు. ఆయన కూడా వచ్చారు, సలాం భాయ్.

"చట్రాలు ఎందుకండీ నర్సమ్మ గారూ? ప్లైవుడ్డు ముక్కలు కొలతకి కోసి, అంచుల్లో బెజ్జాలేసి, రాగి తీగతో కుట్టేద్దాం. వంపు తిరిగిందంటే ఆ వంపే బలం. అతుకుల మీద గుడ్డ పట్టీలేసి, గుగ్గిలం నూనెలో కాచి పూద్దాం."

బావకి నవ్వొచ్చింది. "కుట్టడానికి అదేమన్నా రవికా జలాలుద్దీన్?"

"మా తాత కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు అలల మీదకెళ్ళొచ్చేయి సారూ. మేకు కొట్టింది ఇసకలో గుద్దుకుంటే పగులుద్ది. కుట్టింది ఒంగుద్ది."

ఒకరు మేష్టారు, ఒకరు పనివాడు. ఇద్దరి మధ్యా నేను. బావ మాట కాదనడం నాకు అలవాటు లేదు. సరే చట్రాలే కానివ్వండి అన్నాను. రెండు నెలలు, బడి వదలగానే, సెలవు రోజుల్లో, ఆయన ఒక్కరే చేశారు. వేలికి ఉలి దిగినా ఆపలేదు. ఆకుపచ్చ రంగేసి, ఎడ్లబండి మీద కోడూరు తెచ్చారు. చూడముచ్చటగా ఉంది. ఊరంతా గట్టు మీదకొచ్చింది.

నేను ఎత్తబోయాను. లేవలేదు. ఒక కొస పట్టి లాగాను. కదల్లేదు. రత్తయ్యా ఇంకో మనిషీ పట్టుకుంటే గట్టు దాటింది.

"ఇద్దరు మనుషుల్ని తోడు పెట్టుకో సౌభాగ్యం, తప్పేముంది?" అన్నారు బావ.

"మనుషులు దొరికేదాకా ఆగాలంటే బల్లకట్టు చాలుగా బావా. ఇది నాకు పనికిరాదు."

అంతమందిలో అనేశాను. ఆయన పైపంచె దులిపి భుజాన వేసుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయారు. పొయ్యి మీద చేపల పులుసు ఉంది. తిని వెళ్ళమని నేను అనలేదు.

తర్వాత జలాలుద్దీన్ గారి దగ్గరికి నేనే వెళ్ళాను. "నేను అడిగేది ఒక్కటే భాయ్. మధ్య పాయలో పగిలితే, నేనొక్కదాన్నే బాగు చేసుకోగలనా?"

"మీకు కుట్టడం వచ్చా?" అన్నారాయన.

నాకు కుట్లు వచ్చో రావో ఇక్కడున్న తల్లుల్ని అడగండి. (పెద్దగా నవ్వులు) అక్కడితో పద్ధతి ఖాయమైపోయింది.

ప్లైవుడ్డు మంచిదో కాదో తెలియాలంటే ముక్కని ఉడకబెట్టాలట. ఆయన ఇల్లాలు జమీలా గారి అన్నం గిన్నెలోనే ఉడకబెట్టారు. మొదటి రకం గంటలో పొరలు పొరలుగా విడిపోయింది. రెండో రకం సాయంత్రం దాకా ఉడికినా చెక్కుచెదరలేదు. గిన్నె మాత్రం మళ్ళీ వంటకి పనికిరాలేదు. జమీలా గారూ, మన్నించండి. పన్నెండు రోజుల్లో పడవ అయింది. చివరి అతుకు నాచేతే కుట్టించారు. భుజాన పెట్టుకుంటే నిండు బిందెకన్నా కాస్త బరువు, అంతే.

మూడో ఏట ఒక కాన్పుకి వెళ్తుంటే, అడవిచెట్టు మొద్దొకటి నీళ్ళలో కనపడక తగిలి, అతుకు జానెడు విచ్చుకుంది. నీళ్ళు లోపలికొస్తుంటే దేవుణ్ణి తలుచుకుంటూ బురదలోకి లాగాను. తెగిన తీగ తీసి కొత్త తీగతో కుట్టాను. చీర కొంగు చించి పట్టీ వేశాను, డబ్బాలో ఉన్న గుగ్గిలం పూశాను. కుట్టు వంకరపోలేదు. బిడ్డకన్నా ముందే చేరాను.

బావ ఇంటికి రావడం మానలేదు. పండక్కొచ్చేవారు, పిల్లల చదువులు మాట్లాడేవారు. పడవ మాట మాత్రం పదకొండేళ్ళు ఎత్తలేదు. పెద్దరికం దెబ్బతిందనుకున్నాను. పోయిన నెల నా సామాను సర్దడానికి వచ్చినప్పుడు, అరుగు మీద కూర్చుని అడిగేశాను, అప్పుడంత కోపం ఎందుకొచ్చింది బావా అని.

ఆయన పైపంచె మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు.

"కోపం కాదు సౌభాగ్యం. అది బరువని నాకు తెలుసు. రెండు చట్రాలు చాలు, కావాలనే లావు కొయ్యతో నాలుగు వేశాను. ఇద్దరు మోస్తేగాని కదలదంటే నువ్వు ఒంటరిగా నీళ్ళలోకి వెళ్ళవనుకున్నాను. నీకేమన్నా అయితే మీ అక్కకి నా మొహం ఎలా చూపించను?"

(విరామం)

మంచినీళ్ళు వద్దమ్మా, ఫరవాలేదు.

బావా, ముందే తెలిసినా నేను కుట్టు పడవనే ఎంచుకునేదాన్ని. ఇంతమంది ముందూ చెబుతున్నాను. కానీ ఆ రోజు మిమ్మల్ని ఆకలితో పంపేదాన్ని కాదు. నన్ను క్షమించండి. కళ్ళద్దాలు తుడుచుకోవడం అయ్యాక ఒకసారి ఇటు చూడండి. చాలు.

ఇక నా స్థానంలో నందివాడ నుంచి రూతు వచ్చింది. పడవ ఆమెకే ఇస్తున్నాను. నెల నుంచి నేర్పుతున్నాను, రెండుసార్లు బోర్లా పడింది, మూడోసారి తనే ఎక్కింది. ఆమె మాట నా మాటే అనుకోండి.

ఈ శాలువా కప్పిన ప్రెసిడెంటు గారికి, మీ అందరి అభిమానానికి కృతజ్ఞతలు. ఇంకొక్క మాట. ఆ కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్న జహీదాకి ఎనిమిదో నెల. మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను, పాదాలు వాచాయి, కాళ్ళు వేలాడేసుకునే కూర్చుంది. ఎవరన్నా ఒక పీట... అక్కర్లేదు. రూతు అప్పుడే లేచింది. నేను అనకముందే లేచింది. వేలితో నొక్కి వాపు చూస్తోంది.

సరే మరి. నాకు సెలవు.