పాపక్క మొక్కిన పాము

మహదేవపుర చెరువు గట్టు మీద ముగ్గురున్నారు: పాలగిన్నెతో పాపక్క, ఆమె కోడలు పల్లవి, చెరువు కాపలా కాసే తిరుపాలు. మరునాడు పల్లవి కొడుకు నామకరణం.

“అత్తమ్మా, పాలు పోయకండి, ఒక్క నిమిషం. అది పామో కాదో తిరుపాలన్నని అడుగుదాం.”

“అడిగేదేముండాది? నీకు కాన్పు కష్టమని డాక్టరమ్మ చెప్పిన దినమే నీళ్ళలోంచి నాగప్ప తల ఎత్తినాడు. మనవడు దక్కితే నీ పేరే పెడతానని నాగప్పకి మొక్కితి. దక్కినాడా లేదా?”

“దక్కాడు. కానీ నాగరాజేంటత్తమ్మా ఈ రోజుల్లో? తేజస్ అని కార్డులు కూడా కొట్టించేశాం.”

“కార్డు కోసం మొక్కు మార్చేదా?”

“అన్నా, మీరే చెప్పండి. అదుగో, మళ్ళీ మెడ లేపింది. అది పామా?”

“అది... పాపక్క ఏమంటాది?”

“ఆవిడ కాదు, మీరు.”

“నన్ను లాగొద్దమ్మా. పాపక్క దినమూ నాకు కాఫీ తెస్తాది.”

“చెప్పప్పా తిరుపాలూ. నేనేమీ అనుకోను.”

“రేపూ తెస్తావు గదక్కా?”

“తెస్తా. చెప్పు!”

“అది హావక్కి. హావు అంటే పాము, హక్కి అంటే పిట్ట. ఒళ్ళంతా నీళ్ళలో ముంచి, మెడ ఒకటే పైకి పెట్టి ఈదుతాది. చూసేవాళ్ళకి పాము మాదిరే. అందుకే కన్నడమోళ్ళు ఆ పేరు పెట్టినారు.”

“పిట్టా? ఆరు నెల్లుగా పాలు తాగినాడే!”

“పాలు నీళ్ళలో కలిసినాయక్కా. అది తినేది చేపలు.”

“చూడండత్తమ్మా, రాయెక్కింది! రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. పాముకి రెక్కలుంటాయా?”

“ఉండవు.”

“బాధపడకండి.”

“బాధెందుకు? మనవడు దక్కినాడు గదా. పాము కానప్పుడు నాగరాజు అని పెడితే తప్పయితాది.”

“మా మంచి అత్తమ్మ! అయితే తేజస్...”

“తేజస్ ఎవడు? మొక్కింది ఎవరికో పేరూ వాళ్ళదే. పక్షిరాజు.”

“ఏంటీ?”

“పక్షిరాజు. ఇస్కూల్లో ఇంకెవరికీ ఉండదు. ఎట్లుండాది తిరుపాలూ?”

“బలే ఉండాదక్కా.”

“అన్నా, మీరు ఊరుకోండి! అత్తమ్మా, సరిగ్గా చూడండి. మీ నాగప్పే... రెక్కలు కావవి, పడగ!”