ఒకరు చూస్తున్నారు

“పూలు చూపించు. ఇంకాసేపు పూలే చూపించు.”

“అరగంట నుంచీ అవే చూపిస్తున్నాను పిన్నిగారూ. చుట్టాలు కామెంట్లు పెడుతున్నారు. ‘ఇది పెళ్ళా, పూల ప్రదర్శనా?’ అని ఒకాయన అడిగాడు.”

“ఎవరాయన?”

“పెదమావయ్య అని ఉంది పేరు.”

“ఆయనకి పూలు చాలు. రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నాడు. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.”

పెళ్ళి హాలు వెనక, విరిగిన కుర్చీలు పడేసే గదిలో లైవ్ బల్ల. బల్ల ముందు లైవ్ పెట్టే ఆవిడ, ఆవిడ నెత్తి మీద పెళ్ళికూతురి పిన్ని. బల్ల మీద రెండు తెరలు. మొదటిది రాలేని చుట్టాలందరికీ, రెండోది ఆసుపత్రిలో ఉన్న పెళ్ళికూతురి తల్లి ఒక్కదానికీ. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, లేనిదల్లా పెళ్ళికూతురే.

“అక్క లింకులో ఏం పోతోంది?”

“అవే పూలు. ఆసుపత్రిలో నెట్టు నీరసం కదా, ఆవిడకి వేరే లింకిచ్చాం. దాని మీద ఆవిడ ఫోనొక్కటే ఉంది. ఇదిగో, కింద చూడండి, ‘ఒకరు చూస్తున్నారు’ అని.”

“చూస్తోంది. చూస్తోందన్నమాట.”

“మీరు కాస్త కూర్చోండి ముందు.”

“ఎక్కడ? ఈ గదిలో ఒక్క కుర్చీకీ నాలుగు కాళ్ళు లేవు. అమ్మాయ్, నిన్న ట్రయల్ తీశావు గదా. మా పిచ్చుక పెళ్ళికూతురిలా నడిచి రావడం, వేదికెక్కడం, అదంతా. అది అక్క లింకులో వదులు.”

“లైవ్ అని చెప్పి నిన్నటిదా?”

“మేకప్పు ట్రయలూ నిన్ననే గదా. అవే బట్టలు, అవే నగలు, అదే మొహం. ఎవరికి తెలుస్తుంది?”

“నిన్న వేదిక మీద ఒక్క పువ్వు లేదు. ఇంతసేపూ పూలు చూపించి చూపించి ఇప్పుడు ఒట్టి చెక్కలు చూపిస్తే?”

“మొహం మటుకే చూపించు. దగ్గరగా.”

“పక్కన పెళ్ళికొడుకో? నిన్న అతను రాలేదు. అతని చోట మీ ఆయన్ని నిలబెట్టాం.”

“అమ్మో, ఆయన్ని గానీ చూపించావా, అక్క నవ్వి చస్తుంది... ఛ! ఏం నోరిది. ఏం నోరిది నాది.”

“పోనీ నిజం చెప్పేయండి పిన్నిగారూ.”

“ఏమని? నీ కూతురు మేకప్పు కుర్చీలోంచి లేచిపోయింది, నువ్వు ప్రశాంతంగా మందులేసుకో అనా? డాక్టరేమన్నాడో తెలుసా నీకు? చూపించాలనుకున్నదేదో త్వరగా చూపించెయ్యండి అన్నాడు. అందుకే ఈ పెళ్ళిని ఇంత ముందుకి లాక్కొచ్చాం. హాల్లో ఉన్నవాళ్ళంతా భోజనాలకొచ్చిన వాళ్ళు. పెళ్ళి చూడాల్సింది ఆవిడొక్కతే.”

“అమ్మాయి ఏమీ చెప్పకుండానే వెళ్ళిందా?”

“మేకప్పావిడ చెప్పడం, ఏదో ఫోనొచ్చిందట. విందట. ఊఁ అందట. పెదవులకి రంగు సగం వేసుండగానే లేచి, వెనక తలుపులోంచి పోయిందట. ఇప్పుడు చేస్తే మోగుతోంది, ఎత్తదు.”

“అమ్మ దగ్గరికే వెళ్ళిందేమో.”

“అబ్బే. ఐసీయూలోకి సాయంత్రం దాకా చీమని కూడా రానివ్వరు. పొద్దున అదీ అయింది. ఒక్కసారి వెళ్ళి మొహం చూపించొస్తా పిన్నీ అంది. రానివ్వరే పిచ్చిదానా, గుమ్మంలో నిలబడి ఏడుస్తావా, లింకుంది గదా, అమ్మ అక్కణ్ణుంచి నిన్నే చూస్తూ ఉంటుంది అన్నాను.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. అదే నా భయం. అది పోట్లాడితే ఫరవాలేదు, నోరు మూసుకుందంటేనే ఏదో ఒకటి చేస్తుంది. నిన్న ఆ అబ్బాయితో కూడా ఏదో మాటామాటా అయింది... వదిలెయ్. ఆ ట్రయల్ పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“వద్దు, వద్దు! కాళ్ళ దగ్గర వైర్లున్నాయి.”

“మరి పెట్టు.”

“పెడతాను. కానీ మాటలు తీసెయ్యాలి. నిన్న మీ అక్కగారు వీడియో కాల్లో ఉండి, స్పీకర్లో మాట్లాడుతూనే ఉన్నారు. అవన్నీ పడ్డాయి ఇందులో. ఆవిడ మాటలు ఆవిడకే వినిపిస్తే ఇంకేముంది?”

“అమ్మో. మొత్తం తీసెయ్. ఏదైనా సంగీతం పెట్టు.”

“పెట్టాను. వెళ్తోంది... అదిగో, మీ పిచ్చుక నడుస్తోంది.”

“తల్లీ! ఎంత బాగుందో చూడు. దొంగముండ. దొరకనీ, రెండు చెంపలూ వాయిస్తా. ఇంకా చూస్తోందేనా?”

“ఒకరు చూస్తున్నారు.”

“ఎన్ని పెళ్ళిళ్ళు చేశావు నువ్వు? ఎప్పుడైనా ఇలాంటిది చేశావా?”

“ఇది చెయ్యలేదు. రాలేని వాళ్ళ కోసం లైవ్ అంటారు గానీ పిన్నిగారూ, చూసేవాళ్ళలో సగం మంది రాకూడని వాళ్ళే. ఎవరు ఎందుకు చూస్తున్నారో నేనడగను. నాకు కనిపించేది ఈ అంకె ఒక్కటే.”

తలుపు తోసుకుని పిన్ని భర్త వచ్చాడు. ఆయన కంటే ముందు ఆయన పొట్ట వచ్చింది.

“ఏమే, ఇక్కడున్నావా! రిజిస్ట్రారు వాచీ చూసుకుంటున్నాడు. ఇంకో పెళ్ళి ఉందట ఆయనకి.”

“తాగడానికేమైనా ఇవ్వండి.”

“మూడుసార్లిచ్చాను. ఇంకోసారి ఇస్తే లేచి ఎటో పోతాడు, ఆయన్ని కూడా వెతుక్కోవాలి.”

“అబ్బాయి వాళ్ళమ్మ?”

“అమ్మాయేదీ అంది. ముస్తాబవుతోందన్నాను. ముస్తాబా, ఇల్లు కడుతున్నారా అంది.”

“బావగారికి తెలిసిందా, కూతురు కనబడట్లేదని?”

“అన్నయ్యకెవరు చెప్తారే? ముందు వరసలో కూర్చుని, ఉండుండి వెనక్కి తిరిగి కెమెరాకి చెయ్యూపుతున్నాడు. వదిన చూస్తోందని.”

“ఊపనీండి.”

“అరె! తెర మీద ఉంది అమ్మాయే గదా! దొరికిందా? ఎప్పుడొచ్చింది?”

“రాలేదు. అది నిన్నటిది.”

“నిన్నటిదా? నిన్నటిది ఇవాళ... నేను కూడా ఉన్నానా అందులో?”

“లేరు, మీ భుజం కూడా రానివ్వలేదు. మీరెళ్ళి వీధి చివర టాక్సీ వాళ్ళని అడగండి.”

“ఏమని? పెళ్ళి బట్టల్లో పిల్లెవరైనా ఎక్కిందా అనా? పరువు పోదూ!”

“అలాగే అడగండి. అలాంటి వాళ్ళు రోజూ పది మంది ఎక్కరు గదా.”

“సరే, సరే. తోస్తావేంటి.”

“వెళ్ళండి!”

“పిన్నిగారూ, ఒకసారి ఇటు. మెసేజొచ్చింది. అక్కగారి లింకులో.”

“ఏమని? చదువు. వద్దు, చదవకు. చదువు.”

“‘పాట వద్దు. మాటలు పెట్టండి.’”

“అక్కేనా?”

“ఆ ఫోన్నించే.”

“అక్క టైపు చెయ్యదే! కళ్ళజోడు వెతుక్కోవడానికి బద్ధకమేసి ‘ఊఁ’ అనడానిక్కూడా వాయిస్ మెసేజే పెడుతుంది.”

“గొంతు లేవట్లేదేమో.”

“అంతే అయ్యుంటుంది. నర్సుకి చెప్పి కొట్టించుంటుంది. మైకు పాడైంది, బాగుచేస్తున్నాం అని రాయి.”

“రాశాను... ఇదిగో, మళ్ళీ వచ్చింది. ‘కొంచెమైనా పెట్టండి.’”

“కొంచెమైనానా?”

“‘ప్లీజ్’ అని కూడా ఉంది.”

“ప్లీజా? మా అక్కా? నాకు ఊహ తెలిశాక మా అక్క ఒకర్ని బతిమాలడం చూడలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే డాక్టరు మీదే కసిరింది, ఆ చొక్కా గుండీ సరిగ్గా పెట్టుకో అని. అలాంటిది బతిమాలుతోందంటే ఎంత నీరసంగా ఉందో!”

“ఏడవకండి. తెర మీద పడుతున్నాయి.”

“ఏమే! విన్నావా?”

“మళ్ళీ వచ్చారా? ఏమైందండీ?”

“ఎక్కిందట. ఒక టాక్సీ అతను చూశాడు. ఎటమ్మా అంటే, ముందు పోనివ్వండి అందట. ఆ బండి ఇంకా తిరిగి రాలేదు. ఇంకో సంగతి. అబ్బాయిని పక్కకి లాగి అడిగాను, నిన్న గొడవేంటని.”

“ఏంటట?”

“ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కనే సంతకాలు పెట్టేద్దాం, ఈ హాలూ గీలూ వద్దు అందట. అతను సరే అన్నాడట. పెద్దవాళ్ళు ఒప్పుకోరు అందట మళ్ళీ ఇదే.”

“ఎవరా పెద్దవాళ్ళు?”

“నిన్నేనే. పిన్ని హాలుకి అన్నీ మాట్లాడేసింది, కాదంటే బాధపడుతుంది అందట.”

“నాతో అనలేదే! ఒక్క ముక్క నాతో అంటే... నేనేమైనా పులినా? అక్క చూడాలనే గదా ఇదంతా. వేదికా, లైటూ, ఈ లైవూ, అన్నీ అక్క చూడాలనే గదా!”

“ఇప్పుడు కాదు, తర్వాత. నేను రిజిస్ట్రారు దగ్గర కూర్చుంటా. ఆయన లేవకుండా మోకాలు పట్టుకుని కూర్చుంటా.”

“అమ్మాయ్.”

“చెప్పండి పిన్నిగారూ.”

“సౌండు పెట్టు. ఒక్క ముక్క. అక్క గొంతు లేని ముక్క ఎక్కడైనా ఉంటే చూడు.”

“చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. అందులో ఆవిడ మాట లేదనుకుంటా.”

“అనుకుంటే ఎలా?”

“వినడానికి టైము లేదు, ఆవిడ ఎదురుచూస్తున్నారు. ఆ, ఇదే. పెంచుతున్నా...”

స్పీకర్లో ఖంగుమంటూ ఒక ఆడగొంతు.

“‘మరిదిగారూ! ఆ పొట్ట కాస్త లోపలికి లాక్కోండి, మా పిల్లకి నిలబడే చోటు లేదు! హహ్హహ్హ... అబ్బబ్బ... ఏమిటే ఆ పరుగు, బస్సు తప్పిపోతున్నట్టు? నిదానంగా రావే. నేనెక్కడికీ పోవట్లేదులే...’”

“ఆపు! ఆపు! ఆపవే తల్లీ!”

“ఆపేశా, ఆపేశా! చప్పట్లు దీని తర్వాతనుకోలేదు...”

“అయిపోయింది. వినేసింది. తన నవ్వు తనే వినేసింది. దేవుడా, ఇంక నా మొహం ఎలా చూపించను? ఏమంటోంది?”

“ఏమీ లేదు.”

“చూడ్డం మానేసిందా?”

“లేదు. ఒకరు చూస్తున్నారు.”

“తిట్టలేదా? అక్క తిట్టకుండా ఎలా ఉంటుంది? నేను చిన్నప్పుడు జామకాయ దాచుకుంటేనే వారం తిట్టింది. దీనికి...”

“ఉండండి. ఏదో టైపవుతోంది.”

“ఊఁ.”

“ఆగింది. మళ్ళీ మొదలైంది.”

“ఊఁ!”

“వచ్చింది. ‘మళ్ళీ పెట్టండి.’”

“ఏంటీ?”

“అంతే ఉంది. ‘మళ్ళీ పెట్టండి.’”

“లైవులో మళ్ళీ పెట్టడమేంటి? అంటే లైవు కాదని తెలిసిపోయింది. తెలిసే అడుగుతోందా? ఎత్తిపొడుపా అది?”

“ఎత్తిపొడుపులా లేదు పిన్నిగారూ... మీ ఫోను. మీ ఫోను మోగుతోంది.”

“అక్క నంబరు! నేనెత్తను. నువ్వెత్తు. వద్దు, ఇటివ్వు... అక్కా! నేనే అక్కా. అది ఏం లేదు, వైరేదో ఊడి, నిన్నటి ముక్క మధ్యలో దూరింది. ఈ లైవమ్మాయి కంగారు మనిషి. ఇక్కడంతా దివ్యంగా ఉంది. పిచ్చుక వేదిక మీదే ఉంది, మెరిసిపోతోంది, దిష్టి తగిలేలా ఉంది. బావగారు నీకు చెయ్యూపుతున్నారు, చూశావా? నువ్వు మాట్లాడకు, ఆయాసపడకు, ఊరికే వింటూ ఉండు చాలు...”

“పిన్నీ. పిన్నీ, నేను.”

“పిచ్చుకా! ఎక్కడ చచ్చావే? ఇక్కడ మా ప్రాణాలు... ఉండు, అమ్మ ఫోను నీ దగ్గరేంటి? లోపలికెలా వెళ్ళావే? సాయంత్రం దాకా చీమని కూడా రానివ్వరు గదా?”

“రానిచ్చారు.”

“ఎలా రానిచ్చారు?”

“వాళ్ళే ఫోన్ చేశారు పిన్నీ. రమ్మన్నారు.”

“ఎందుకు రమ్మన్నారే? పిచ్చుకా? ఎందుకు?”

“నేనొచ్చేసరికే అంతా అయిపోయింది పిన్నీ.”

“ఆ మెసేజులు...”

“నేనే.”

“అమ్మ... అమ్మ చూసిందా? ఏమైనా చూసిందా అసలు?”

“పూలు చూసిందట. బాగున్నాయందట. నర్సు చెప్పింది.”

“నాన్నకి... నేను మీ నాన్నకి ఏమని చెప్పనే?”

“ఇంకా చెయ్యూపుతున్నాడా?”

“ఊపుతున్నాడు.”

“ఇంకాసేపు ఊపనీ. నేను పరిగెత్తుకునే వచ్చాను పిన్నీ, నిజంగా పరిగెత్తుకునే వచ్చాను... ఆ లైవ్ పెట్టే ఆవిణ్ణి అడిగి, ఆ ముక్క ఇంకొక్కసారి పెట్టించవూ? నేనెక్కడికీ పోవట్లేదులే అంటుంది చూడు, అది.”