ముల్లు చూడమ్మాయ్

పెద్దలకు నమస్కారం. ఈ ఉదయం నా చూపుడు వేలికి కొంచెం మసి అంటింది. కర్పూరం మసి. కడుక్కోబుద్ధి కాలేదు. అలాగే వచ్చి ఇక్కడ నిలబడ్డాను.

మహాలక్ష్మమ్మ గారూ, రొంపిచెర్ల నుంచి వచ్చిన బంధువులారా, మన పిస్తోలు క్లబ్బు మిత్రులారా! మనకు గురి నేర్పిన చిన్నకోటయ్య గారు ఆ ఆదివారం పొద్దున ఇక్కడే, ఈ పాత జిన్నింగు మిల్లు షెడ్డులోనే, పిస్తోలు కాల్చారు. పిస్తోలు పెట్టెకు తాళం వేసి ఇంటికెళ్ళారు. సాయంత్రం మిరపకాయల కళ్ళంలో గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. మళ్ళీ లేవలేదు.

నాకు సభల్లో మాట్లాడడం రాదు. ఆయనకు తెలుసు. ఆయనే ఉంటే, "అది పుస్తకాల పిల్ల, దాని చేత మాట్లాడించబాకండి" అని తప్పించేవారు. ఇవాళ తప్పించేవారు లేరు.

నేను మొదటిసారి ఈ షెడ్డుకు వచ్చినప్పుడు కాలేజీలో చదువుతున్నాను. కళ్ళద్దాలు తీసి సంచిలో దాచుకుని వచ్చాను. అద్దాలున్న పిల్లను రానివ్వరనుకున్నాను. ఆయన నా ముక్కు మీద అద్దాల గుర్తులు చూసి నవ్వారు. "ఏందమ్మాయ్, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చినావా? తీసి పెట్టుకో" అన్నారు. అద్దాలు పెట్టుకున్నా, ఎదురుగా గురి పెట్టాల్సిన బొమ్మ మసకగానే ఉందని చెప్పాను. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడాయన అన్న మాట మీలో చాలామంది విన్నదే. "బొమ్మ మసగ్గా ఉండాల్సిందే. అది ఏడికీ పోదు. నువ్వు ముల్లు చూడమ్మాయ్, ముల్లు."

క్లబ్బు బయటివారి కోసం చెబుతున్నాను. పిస్తోలు కొసన నిలబడి ఉండే చిన్న ఇనప పలక ముల్లు. వెనక, మన కంటి వైపు ఉండేది గాడి. గాడి మధ్యలో ముల్లు నిలవాలి. ముల్లుకు అటూ ఇటూ సన్నగా, సమానంగా వెలుతురు కనబడాలి. ఈ పేర్లు ఆయన పెట్టినవే.

మన పిస్తోలుతో పాటు చిన్న పొట్లంలో ముళ్ళు వచ్చాయి. సన్నవి, వెడల్పువి. నన్ను ఏరుకోమన్నారు. నేను అన్నిటికంటే సన్నది తీసుకున్నాను. సన్నదైతే సూటిగా పోతుందని నా లెక్క. చెయ్యి చాపి చూస్తే గాడిలో ముల్లు సందులో పుల్లలా ఊగింది. ఆయన నా చెయ్యి చూశారు. తన చెయ్యి పక్కన పెట్టి చూశారు. "నీది పొట్టి చెయ్యి. గాడి కంటి దగ్గరికొస్తది, వెడల్పుగా కనబడుద్ది. నీకు వెడల్పు ముల్లు కావాల. సన్నది నాబోటి తాడిచెట్టుగాడికి" అన్నారు. ఆ వెడల్పు ముల్లు నాకు తప్ప క్లబ్బులో ఎవరికీ అతకలేదు. ఎవరు కాల్చినా, అయ్యాక ఎవరి ముల్లు వాళ్ళు తీసి పొట్లంలో పెట్టాలి. పెట్టెలోకి వెళ్ళేటప్పుడు పిస్తోలుకు ఆయన సన్న ముల్లే ఉండాలి. అది ఆయన నియమం. ఆ నియమం ఆయన తప్పగా మీరెవరైనా చూశారా? నేను చూడలేదు.

రేకులు ఎగిరిపోయిన చోట ఎండ పడి ముల్లు మెరిసేది. మసి పూయమన్నారు. మసే కదా అని నేను ఇంట్లో కాటుక తెచ్చి పూశాను. పల్నాటి ఎండకు అందులోని ఆముదం కరిగి, ముల్లు ముందుకంటే ఎక్కువ మెరిసింది. "పెళ్ళికూతుర్ని చేశావు కదే దాన్ని!" అని కడుపు పట్టుకుని నవ్వారు. తుడిచి, కర్పూరం బిళ్ళ వెలిగించి, ఆ పొగలో ముల్లు పట్టి చూపించారు. పొడి మసి. చీకటంత నల్లగా పట్టింది. అప్పటి నుంచి ఎవరింట్లో హారతి ఇస్తున్నా నాకు ఆదివారమే గుర్తుకొస్తుంది.

గుంటూరు పోటీలో మొదటి గుండు ఎడమకు పడగానే నేను గాడిని జరిపే మర కుడికి తిప్పాను. రెండోది కుడికి పోయింది. మళ్ళీ తిప్పాను. వెనక నుంచి నెమ్మదిగా అన్నారు. "ఒక్క గుండు మాట నమ్మబాక. అయిదు కొట్టు. అయిదూ ఏడ చేరతయ్యో చూడు. అప్పుడు తిప్పు."

ఆ మాట ఆయన పిస్తోలుకే చెప్పుకున్నారా? ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ దారిలో, కొండకు లాక్కెళ్తున్న మన ప్రభ బండిని పక్క ఊరివాళ్ళు పడగొట్టారని ఒకతను పరుగెత్తుకొచ్చి, ఆయన లైసెన్సు తుపాకి ఇమ్మన్నాడు. ఆయన అరుగు దిగలేదు. "ఇదొక గుండురా అబ్బాయ్. ఇంకో నలుగుర్ని పిలుచుకురా" అన్నారు. వచ్చిన నలుగురూ చక్రం ఇరుసు విరిగిందనే చెప్పారు. ఆ రోజు ఇంటికి క్షేమంగా చేరినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకు తెలుసు.

పోయిన జూన్‌లో నాకు విజయపురి సౌత్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు, ఆ వెడల్పు ముల్లు ఎవరికైనా ఇవ్వండి అన్నాను. ఆయన పలకలేదు. అది నాకు ఇన్నాళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది. నేను ఇక రాననుకున్నారా? నా చోటు పోయిందా? అక్కడ ఆదివారం పొద్దున నా చెయ్యి దానంతటదే లేస్తుంది. చేతిలో ఏమీ ఉండదు. డ్యాము వైపు చూస్తూ, లేని ముల్లును లేని గాడిలో నిలబెట్టుకుంటాను. వెనక నుంచి ఎవరూ ఏమీ అనరు.

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందే కబురు పంపాను, ఆ ఆదివారం కాక పై ఆదివారం వస్తానని. మా బస్సు కండక్టరు వెంకటేశ్వర్లు గారు నరసరావుపేట బస్టాండులో ఎవరికో చెప్పి పంపానన్నారు. తిరుగు కబురు రాలేదు. ఆయనకు అందిందో లేదో తెలియలేదు. చెప్పిన ఆదివారం కంటే ముందే, సోమవారం నాడే రావలసి వచ్చింది.

ఇక అందరం లేచి నిలబడదాం. కాసేపు ఏమీ మాట్లాడుకోకుండా ఆయన్ను తలుచుకుందాం. దానికి ముందు ఒక్క సంగతి.

ఈ ఉదయం ఆయన ఇల్లాలు మహాలక్ష్మమ్మ గారు కొంగు ముడిలోని తాళంచెవి నా చేతికిచ్చారు, ఫొటో పక్కన పెట్టడానికి పిస్తోలు తియ్యమని. ఆ ఆదివారం ఆయన తాళం వేశాక ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు. సన్న ముల్లు పొట్లంలో ఉంది. పిస్తోలుకు వెడల్పు ముల్లు బిగించి ఉంది, మసి పట్టించి.